రెండో బిందె

నాకు కష్టం వస్తే నవ్వొస్తుంది. ఇది గొప్పగా చెప్పుకునే గుణం కాదు, జబ్బు. చిన్నప్పుడు చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంటే నవ్వి, మా అమ్మ చేత తొడపాశం పెట్టించుకున్నాను. పదో తరగతి లెక్కల పేపరు చేతికి రాగానే పగలబడి నవ్వితే, హాల్లో ఉన్న టీచరమ్మ చిట్టీల కోసం నా జామెట్రీ బాక్సు మొత్తం బోర్లించింది. పెళ్లిచూపుల్లో వంటొచ్చా అని అడిగినప్పుడూ నవ్వాను. మా ఆయన దాన్ని సిగ్గనుకుని ఒప్పేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ నవ్వు తెచ్చిన తిప్పల్లోకెల్లా పెద్దది నా కెమెరాకు వచ్చింది.

నేను పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. కొత్తగూడెంలో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే పనితో మొదలుపెట్టి, ఆ స్టూడియో సారు వెంట రెండో కెమెరాగా తిరిగి, ఎనిమిదేళ్లకు సొంత కెమెరా కొనుక్కున్నాను. మా వైపు ఇప్పుడు ఆడ ఫోటోగ్రాఫర్లకు గిరాకీ ఉంది. పెళ్లికూతురు చీర కట్టుకునే గదిలోకి, హల్దీ పీటల దగ్గరికి, మగవాళ్లు మొహమాటపడే ప్రతి చోటికీ నన్ను ముందుకు తోస్తారు. అసలు పెళ్లి మాత్రం ఎప్పుడూ సారుదే. ముహూర్తం, తాళి, తలంబ్రాలు ఆయన తీస్తాడు. నేను పక్కన నిలబడి చుట్టాల మొహాలు తీస్తాను. ఆల్బం మీద పేరు ఆయన స్టూడియోది.

అలాంటిది, మొన్న వేసవిలో మొట్టమొదటిసారి ఒక పెళ్లి మొత్తం నా చేతికి వచ్చింది. ఇచ్చింది మా ఇంటి ఓనరు ఆంటీ. మేం వాళ్ల మేడ మీద కిరాయికి ఉంటాం. వాళ్ల పెద్దలు తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్నారు. అంకుల్‌కు కొత్తగూడెంలో ఎరువుల దుకాణం. వాళ్లకు ఒక్కతే కూతురు. ఆంటీ మరిది ఖమ్మం నుంచి డ్రోను ఉన్న ఫోటోగ్రాఫర్లను పిలుద్దామని పట్టుబడితే ఆంటీ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు ఎగిరేది వద్దయ్యా, ఎరిగినది కావాలి. ఈ అమ్మాయే తీస్తుంది" అంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. సంతోషంతోనే.

ఆంటీ ఆ పెళ్లికి ఇంకో మొక్కు కూడా మొక్కుకుంది. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి పోసే తలంబ్రాల కోసం ఊళ్లల్లో ఆడవాళ్లు వడ్లను రోట్లో దంచకుండా, మిల్లుకు పంపకుండా, గోటితో ఒక్కో గింజా ఒలిచి పంపుతారు. గింజ విరగకూడదు. ఆంటీ ఏటా ఒలిచేది. ఈసారి కూతురి పెళ్లికి కూడా గోటి తలంబ్రాలే పొయ్యాలని మూడు నెలల ముందు నుంచీ తోడికోడళ్లనూ వీధిలో ఆడవాళ్లనూ పోగేసి వరండాలో ఒలిపిస్తోంది. నేను మెట్లు దిగుతూ, ఎక్కుతూ, మిక్సీలో వేస్తే సరిపోదా అని ఆటపట్టించేదాన్ని. లోపల మాత్రం నాకూ వాళ్ల మధ్య కూర్చుని ఒలవాలని ఉండేది. కూర్చోవచ్చో లేదో తెలియదు. మాది చర్చి, వాళ్లది గుడి. అడిగితే ఆంటీ మొహమాటానికి సరేనంటుందేమోనని అడగలేదు.

ఇక కెమెరా సంగతి. దాన్ని ఖమ్మంలో కొన్నప్పుడు షాపతను ఇన్సూరెన్సు కూడా తీసుకోమన్నాడు. మా ఆయన వెంటనే తలూపాడు. ఆయన ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియను. పొద్దున లేస్తే జనం రక్తంలో ఏం చెడిందో చూసే మనిషి కనక, లోకంలో ఏదైనా ఎప్పుడైనా చెడుతుందని ఆయనకు గట్టి నమ్మకం. నేను షాపులోనే ఆయన్ని వేళాకోళం చేశాను. ఎలాగూ పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు, కింద ఆంటీ ఎలాగూ దిష్టి తీస్తుంది, రెండు వైపుల నుంచీ బందోబస్తు ఉండగా మూడోవాడెందుకు అన్నాను. షాపతను కూడా నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అన్నట్టే సాయంత్రం పాస్టరుగారు వచ్చి, బండికీ ఫ్రిజ్‌కీ చేసినట్టే కెమెరా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన మెట్లు దిగుతుంటే ఆంటీ పళ్లెం పట్టుకుని ఎక్కుతూ ఎదురైంది. లెన్సుకు పైన కుంకుమ బొట్టు పెట్టింది. బండికయితే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. కెమెరాకు చక్రాలు లేవు. ఆంటీ కాసేపు ఆలోచించి, ట్రైపాడ్ కాలు కింద నిమ్మకాయ పెట్టించి, పైన కెమెరా బిగించి, నన్ను గట్టిగా నొక్కమంది. నిమ్మకాయ చితికి రసం మా ఆయన తెల్ల ప్యాంటు మీద చిమ్మింది. నేను మెట్ల మీద కూలబడి నవ్వాను.

పెళ్లి ఇంక పదకొండు రోజులుందనగా మణుగూరులో వేరేవాళ్ల హల్దీకి సారు పిలిచాడు. రెండో కెమెరాగా వెళ్లాను. బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల ముందు షామియానా, డీజే, మాడు పగిలే ఎండ. సారు టిఫినుకు వెళ్లాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని పెళ్లికూతురి చెంప మీద పసుపు తీస్తున్నాను. అప్పుడు మేనమామ వచ్చాడు. చేతిలో ఇత్తడి బిందె, బిందె నిండా పసుపు నీళ్లు. ఆయన గురి పెళ్లికూతురి మీద. పిల్ల గడుసుది, చటుక్కున పక్కకు వంగింది. బిందెడు నీళ్లూ, చుక్క వృథా కాకుండా, నా మీదా కెమెరా మీదా పడ్డాయి.

కెమెరా టక్కుమంది. స్క్రీను మీద పెళ్లికూతురు పచ్చగా సాగి మాయమైంది. నా పై ప్రాణం పైనే పోయింది. పోయింది కనక నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, మోకాళ్ల మీంచి వెనక్కి పడి మరీ నవ్వాను. నన్ను చూసి షామియానా అంతా నవ్వింది. ఫోటోగ్రాఫరమ్మకు ఇది మహా సంబరంగా ఉందని మేనమామకు అర్థమైంది. పాపం మర్యాదస్తుడు, చుట్టం ఒకటి అడిగితే రెండు వడ్డించే మనిషి. గబగబా వెళ్లి రెండో బిందె తెచ్చి పోశాడు.

అదంతా పెళ్లికూతురి బావ ఫోనులో తీసి, ఇంటికి వెళ్లి చూసుకోమని నాకు పంపించాడు కూడా. అంత నవ్విన దాన్ని ఇప్పుడు లేచి నా కెమెరా పాడుచేశారని ఎలా తగువు పెట్టుకోను? మొదటి బిందె వాళ్ల తప్పు. రెండో బిందె నా నవ్వు చేసిన తప్పు. మెమరీ కార్డు బతికింది, దాన్ని సారు చేతిలో పెట్టి, పచ్చటి బట్టలతోనే బస్సెక్కాను.

బస్సులో నా అవతారం చూసి పక్కావిడ ఏమైందని అడిగింది. చెప్పాను. ఇంక బస్సు బస్సంతా డాక్టర్లే. ఎండలో పెట్టొద్దని ఒకరు, పెట్టమని ఒకరు. బియ్యంలో పూడ్చిపెట్టమన్న మాట దగ్గర మాత్రం కండక్టరుతో సహా అందరూ ఏకమయ్యారు. వాళ్లందరి ఫోన్లూ ఏదో ఒక రోజు బియ్యంలో పడుకుని లేచినవే.

మా ఇంట్లో బియ్యం డబ్బా మూతి ఇరుకు. కెమెరా తల పట్టింది, ఒళ్లు పట్టలేదు. కింద ఆంటీ వాళ్లు పెళ్లి చీరలకు ఖమ్మం వెళ్లారు. వాళ్లు ఊరెళ్తే మొక్కలకు నీళ్లు పొయ్యడానికి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వాళ్ల వంటింట్లో మూలన ఇత్తడి గంగాళం, అందులో ఎప్పుడూ బియ్యం ఉంటాయి. ఆ రోజు దాని మీద పసుపు గుడ్డ కప్పి ఉంది. పెళ్లివారిల్లు కదా, అన్నిటికీ పసుపే అనుకున్నాను. కెమెరాను మెడపట్టీతో సహా అడుగుదాకా దూర్చి, పైన బియ్యం సర్ది, గుడ్డ ఎలా ఉందో అలా కప్పేసి వచ్చాను. ఆంటీకి చెప్పదలుచుకోలేదు. తెలిస్తే అపశకునం అంటుంది, మరిది మళ్లీ డ్రోను మాట ఎత్తుతాడు, నా పెళ్లి నా చేతిలోంచి పోతుంది.

పొద్దున్నే తీసేద్దామనుకున్నాను. పొద్దున్నకల్లా చుట్టాలు దిగారు. మర్నాడూ అంతే, వంటింట్లో కాలు పెట్టే సందు లేదు. విచిత్రమేమిటంటే, కింద మూడు పూటలా వంటలవుతున్నాయి, ఎవరూ కెవ్వుమనలేదు. పాస్టరుగారి ప్రార్థన పనిచేస్తోందనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆంటీ మెట్ల కింది నుంచి మెల్లగా పిలిచింది. ఆవిడ గట్టిగా పిలిస్తే భయం లేదు. మెల్లగా పిలిస్తేనే ఉంది. వెళ్లేసరికి వంటింట్లో నేల మీద గంగాళం, పక్కన పసుపు గుడ్డ, ఆంటీ చేతిలో మెడపట్టీ, పట్టీకి వేలాడుతూ నా కెమెరా. దాని సందుల్లోంచి ఒక్కో గింజా రాలుతోంది. గంగాళంలో కెమెరా ఉన్న మేర బియ్యం పచ్చగా ఉన్నాయి.

నాకప్పుడు తెలిసింది. నేను మణుగూరు వెళ్లిన పొద్దున, పూజగదిలో కుండకు చీమలు పట్టాయని, ఆంటీ గంగాళం తోమి గోటి తలంబ్రాలు అందులోకి మార్చిందట. వంట బియ్యం బస్తాలోకి వెళ్లాయి.

చెప్పక్కర్లేదు, నవ్వొచ్చింది. పెదవి కొరికాను, చున్నీ నోట్లో కుక్కుకున్నాను, లాభం లేకపోయింది. ఆంటీ తిట్టలేదు. కెమెరా కింద పెట్టి కుడిచేతి బొటనవేలు చూపించింది. గోరు మధ్యకు చీలి, చీలిక నల్లబడింది.

"మూడు నెలలు అమ్మాయ్. ఇంకో పెళ్లికి కలిపిన పసుపు నా కూతురి నెత్తిన పొయ్యనా? నీకు నవ్వులాటగా ఉందా?"

నవ్వు ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కూడా మొదలయ్యాయి. రెండూ కలిసి వస్తుంటే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. అంతలో హాల్లోంచి ఆంటీ మరిది తొంగిచూసి, ఇంకేం వదినా, ఖమ్మం వాళ్లకు ఫోను కొట్టనా అన్నాడు. ఆంటీ పచ్చబడ్డ బియ్యాన్ని గింజ వదలకుండా ఏరి గిన్నెలోకి తీసి, సోలతో కొలిచింది. తలగొట్టి సోలెడు. అప్పుడు నా వైపు చూసింది.

"గోళ్లున్నాయిగా. కూర్చో" అంది. "పెళ్లి లోపల ఈ సోల నిండాలి. కెమెరా సంగతి కూడా అప్పటికి తేలాలి. అవి రెండూ అయితే నువ్వు తీద్దువుగాని. లేకపోతే మా మరిదిని ఫోను చెయ్యమంటాను."

మూడు నెలలుగా అడగలేకపోయిన చోట నాకు పీట పడింది. అదీ శిక్షగా.

ఒలవడం మొదలుపెడితే తెలిసింది, వడ్లగింజ అంత మొండిది లోకంలో లేదు. నడుం దగ్గర గోరు గుచ్చితే విరుగుతుంది. మొన దగ్గర పట్టుకుని పొట్టును రెండుగా చీల్చాలి. మొదటి గంటలో నేను ఒలిచినవి ఆంటీ అరచేతిలో పోసుకుని చూసి, సగం పిచ్చుకలకు చల్లింది. ఒకపక్క వేళ్లు మండుతుంటే, ఇంకోపక్క కెమెరాను ఏం చెయ్యాలన్న ఆలోచన. కొత్తది కొనే స్తోమత లేదని తెలిసి, ఆ మాట నేనూ ఎత్తలేదు, మా ఆయనా ఎత్తలేదు. సారు మాత్రం ఫోను చేసి తన పాత కెమెరా ఇస్తానన్నాడు. అయితే ముహూర్తం తనే వచ్చి తీస్తాడట, ఆల్బం మీద స్టూడియో పేరే ఉంటుందట. అంటే మళ్లీ నేను చుట్టాల మొహాలు తీసుకోవాలి. సరే సార్, చూస్తానని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక వచ్చిన కోపంలో పొయ్యి మీద పాలు కూడా పొంగబెట్టుకున్నాను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నా పక్కన వరండాలో గొంతుక్కూర్చున్నాడు. ఏదో చెప్పాలని వచ్చి చెప్పలేకపోతున్నాడని అర్థమైంది. చివరికి పైకి వెళ్లి బైబిలు తెచ్చాడు. ఇప్పుడు ప్రార్థన ఏంటని విసుక్కున్నాను. ఆయన బైబిలు జిప్పు కవరు తెరిచి, వెనక అరలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. కెమెరా ఇన్సూరెన్సు. కొన్న మర్నాడే మళ్లీ ఖమ్మం వెళ్లి కట్టి వచ్చాడట. నేను వెక్కిరిస్తానని చెప్పలేదట. బైబిలు కవర్లో అయితే నా కంట పడదని ధీమా. ఆ ధీమా తప్పేం కాదు.

ఆ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. నాకు ఆయన మీద అంత ప్రేమ పెళ్లయ్యాక ఎప్పుడూ రాలేదు. వడ్లపొట్టు చేతులతోనే ఆయన చెంపలు పట్టుకున్నాను. ఆంటీ అటు తిరిగి దగ్గింది.

రెండు రోజులకు ఇన్సూరెన్సు వాళ్ల తరఫున కెమెరా చూడ్డానికి ఖమ్మం నుంచి ఒకాయన వచ్చాడు. కళ్లజోడు, తోలు సంచీ, నవ్వు ఎరగని మొహం. వరండాలో కుర్చీ వేశాం. ఆయన కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గలగలమంది. బోర్లిస్తే ఒళ్లో రెండు గింజలు పడ్డాయి. బియ్యంలో పెట్టారా అని అడిగి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత నీళ్లెలా పడ్డాయో రుజువేమైనా ఉందా అన్నాడు. నా దగ్గర ఉన్న రుజువు ఒక్కటే, ఆ వీడియో. చూపించాను.

ఒకసారి చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

"మీరు వద్దని అన్లేదా మేడం?"

"లేదు సార్. నవ్విన."

"రెండో బిందె పోసేటప్పుడు?"

"ఇంకా ఎక్కువ నవ్విన."

ఆయన పెన్ను మూత రెండుసార్లు పెట్టి తీశాడు. ఆ మేనమామ ఏం పని చేస్తాడని అడిగాడు. బొగ్గు గుమ్మరించే డంపరు లారీ నడుపుతాడని చెప్పాను, పొయ్యడం ఆయనకు అలవాటే. అప్పుడు ఆ మొహంలో మొదటిసారి కింది పెదవి వణికింది. కాగితం అడ్డం పెట్టుకున్నాడు.

ఇంతలో ఆంటీ ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపకూడదని పళ్లెంలో పులిహోర తెచ్చింది. ఆయన మొహమాటపడుతూనే తిన్నాడు. గింజ కొంచెం గట్టిగా, నమిలేకొద్దీ తియ్యగా ఉందని, ఏం బియ్యమని అడిగాడు. ఆంటీ చాలా మామూలుగా చెప్పింది. కెమెరా పూడ్చిన బియ్యమేనని, తలంబ్రాలకు పనికిరాకపోయినా ఏడుసార్లు కడిగి వండితే అన్నం అన్నమేనని, గోటితో ఒలిచిన గింజను పారేస్తే కళ్లు పోతాయని. ఆయన ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. రుజువును సగానికి పైగా తినేసి ఉన్నాడు. నేను స్తంభం వెనక్కి పరుగెత్తాను. స్తంభం వెనక మా ఆయన అప్పటికే గోడకు తల ఆనించి నవ్వుతున్నాడు.

ఆయన పళ్లెం ఖాళీ చేసే లేచాడు. మంచి మనిషి. వెళ్లేముందు ఉన్న సంగతి దాచకుండా చెప్పాడు. మొదటి బిందె ప్రమాదమని తను రాస్తాడట. బియ్యం గురించి పైవాళ్లు ఏమంటారో చెప్పలేడట. ఏదైనా, కెమెరా ఇలాగే హైదరాబాదు పోవాలి, అక్కడ వాళ్లే తెరవాలి, నెల పట్టొచ్చు.

"ఈడ ఎవరన్న తెరిస్తే మా పని ఖతం. తెరవకుంటే మీ పెళ్లి ఖతం. మీరే సోచాయించుకోండి మేడం" అన్నాడు.

సోచాయించుకోవడానికి నాకు ఒక్కటే దిక్కు, మా నాన్న. ఆదివారం చర్చి అయ్యాక పిలిపించాను. నాన్న బొగ్గుబాయిలో ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేవాళ్లు నెత్తిన పెట్టుకునే లైట్లకు చార్జింగు పెట్టి, చెడితే బాగుచేసి ఇచ్చే గది అది. ముప్పై ఏళ్లు, ప్రతి షిఫ్టులోనూ తడిసి, బురద పట్టి, ఊపిరి పోయి వచ్చిన లైట్లను మళ్లీ వెలిగించి పంపాడు. కెమెరా లోపల మాత్రం ఎప్పుడూ చూడలేదు. దాన్ని చేతిలో తిప్పి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"బియ్యంల దాచినవా? నీళ్లు తాగినదాన్ని దాస్తే ఎండదు బిడ్డా. విప్పితేనే ఎండుతది."

బాగవుతుందా అని అడిగాను. చెప్పలేనన్నాడు. లైటయితే చెప్పేవాడట.

నేను మా ఆయన వైపు చూశాను. ఇన్సూరెన్సు కాగితం ఆయన చొక్కా జేబులో ఉంది. రెండుసార్లు ఖమ్మం తిరిగి, వేళాకోళం పడి, బైబిల్లో దాచి కాపాడిన కాగితం. ఒక్క స్క్రూ తిరిగితే అది చిత్తు కాగితం. విప్పకుండా పంపితే కెమెరాకు న్యాయం జరగొచ్చు, నా పెళ్లికి జరగదు. విప్పితే రెండూ పోవచ్చు. నాకు నవ్వు కూడా రాలేదు, అంత భయం వేసింది.

మా ఆయన లేచాడు. లోపలికి వెళ్లి, టార్చిలైటూ, మెడికల్ షాపులో కొన్న స్పిరిటూ తెచ్చి నాన్న పక్కన పెట్టాడు. టార్చి తనే వేసి పట్టుకున్నాడు.

"విప్పు మామా" అన్నాడు.

నాన్న వరండాలో తెల్ల పంచె పరిచి, కళ్లద్దాలు బాగుచేసే చిన్న స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టాడు. తీసిన ప్రతి స్క్రూనూ తీసిన వరసలోనే ముగ్గు పెట్టినట్టు పేర్చాడు. పాత టూత్‌బ్రష్‌తో స్పిరిటు అద్దుతూ పసుపు మరకలు తుడిచాడు. పెళ్లికూతురు తన హెయిర్ డ్రయ్యరు తెచ్చిచ్చింది. లోపల సందుల్లో బియ్యం గింజలు ఇరుక్కుని ఉంటే నాన్న ఒక్కొక్కటే పట్టకారుతో తీసి పక్కన పెడుతున్నాడు. ఆంటీ ఒలవడం ఆపి వచ్చి, వాటిని అరచేతిలో వేసుకుని వెలుగులో చూసింది.

"అమ్మాయ్, అంత ఇరుకులో కూడా ఒక్కటి విరగలేదు చూడు" అంది. ఆ మాటలో నా మీద కోపం ఎక్కడా లేదు. అంతా తన గింజల గొప్పే.

ఒక పగలంతా విప్పి ఆరబెట్టి, మర్నాడు నాన్న మళ్లీ బిగించాడు. బ్యాటరీ పెట్టేటప్పుడు అందరం చుట్టూ చేరాం. ఆంటీ రాములవారిని తలుచుకుంది. మా ఆయన పెదవులు కదులుతున్నాయి. నాన్న మాత్రం, తొలి షిఫ్టు వేళ లైటు చేతికిచ్చినట్టు, మామూలుగా నా చేతిలో పెట్టాడు. నొక్కాను. టక్కుమంది. స్క్రీను మీద ఆంటీ మొహం, నోరు తెరుచుకుని, బ్రహ్మాండంగా వచ్చింది. నేను అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు మొరిగాయి. నాన్నను పట్టుకుని గిరగిరా తిప్పాను. ఆయన కళ్లజోడు ఎగిరి వడ్లలో పడింది.

పూర్తిగా బాగైందని కాదు. లెన్సు తనంతట తను ఫోకసు సరిచేసుకోవడం మానేసింది. ప్రతి ఫోటోకూ నేనే చేత్తో తిప్పుకోవాలి. కన్ను ఆనించి చూసే అద్దంలో ఒక మూల పసుపు మరక ఉండిపోయింది. పెళ్లికి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ఒక గంట ఒలవడం, ఒక గంట వరండాలో పరుగెత్తే వాళ్లందరినీ లెన్సు తిప్పి తిప్పి తీయడం. పెళ్లి ముందు రోజు పొద్దున నా సోల తీసుకెళ్లి ఆంటీ ముందు పెట్టాను. ఆవిడ చేటలో పోసి, వేలితో ఒక్కో వరసా జరిపి చూసి, మూడు గింజలు తీసేసింది. మిగతావి గంగాళంలో పోసి చేత్తో కలిపింది. ఇంక ఏవి ఎవరు ఒలిచినవో ఎవరూ చెప్పలేరు. అప్పుడు హాల్లోకి తిరిగి, ఖమ్మం వాళ్లతో పనిలేదని మరిదికి చెప్పింది.

పెళ్లి బాగా జరిగింది. ముహూర్తం తీశాను, తాళి తీశాను. ఇంతకాలం సారు నిలబడే చోట నేను నిలబడ్డాను. కానీ నాకు దడ తలంబ్రాల గురించే. తాళి కట్టేవాడు కదలడు. తలంబ్రాలు పోసేవాళ్లు ఒకచోట ఉండరు. వంగుతారు, లేస్తారు, దోసిళ్లు ఎత్తుతారు. అంతా ఐదు నిమిషాలు. అందులో నవ్వు వస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే ఫోటో పోతుంది. నాలుక పళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తో లెన్సు తిప్పుతూ కూర్చున్నాను. పెళ్లికూతురు దోసిలి ఎత్తింది. పసుపు మరక పక్కన, అద్దంలో, ఆ గింజలు జారి పెళ్లికొడుకు నెత్తిన పడటం ఒక్కొక్కటీ విడిగా కనిపించింది. నొక్కాను. అందులో నావి ఏవో నాకు తెలియదు. ఉన్నాయని మాత్రం తెలుసు. గోళ్లు ఇంకా మండుతున్నాయి.

చాలు, వచ్చేసింది అనుకుని కెమెరా దించాను. ఆంటీ పళ్లెంలో మిగిలిన తలంబ్రాలను దోసిట నింపుకుని లేచింది. అల్లుడి మీద పోస్తుందనుకుని పక్కకు జరిగాను. ఆవిడ అల్లుణ్ణి దాటి, పురోహితుణ్ణి దాటి, నేరుగా నా ముందుకొచ్చి ఆగింది. ఏంటాంటీ అనేలోపే నా నెత్తిన పోసేసింది. జుట్టులో, మెడలో, కెమెరా మీద, మెడపట్టీ మడతల్లో, అంతా పసుపు గింజలే.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చింది కనక నవ్వాను. పందిరంతా వినబడేలా, నడుం వంగిపోయేలా నవ్వాను.

ఆ నవ్వు చూసి ఆంటీ మళ్లీ పళ్లెం దగ్గరికి వెళ్లి, రెండో దోసిలి తెచ్చి పోసింది.